సిరీస్ ఏసీ సర్క్యూట్‌లో ఏ భాగం మీద ఎంత వోల్టేజి: లెక్కకూ మీటరుకూ పొత్తు కుదిర్చే పద్ధతి

పాతకాలపు 40 వాట్ల ట్యూబులైటు వెలుగుతున్నప్పుడు ట్యూబు రెండు కొనల మధ్య సుమారు 100 వోల్టులు ఉంటాయి. దానితో సిరీస్‌లో (ఒకదాని తర్వాత ఒకటిగా) కలిపిన చోకు, అంటే కాయిల్, మీద 200కు కాస్త పైన ఉంటాయి. రెండూ కూడితే 300 దాటుతుంది. ఇంటికి వచ్చే సరఫరా చూస్తే 230. మరి ఆ అదనపు 70 వోల్టులు ఎక్కడివి? ఇంటర్ రెండో ఏడాది విద్యార్థులూ, పాలిటెక్నిక్ పిల్లలూ, మోటార్లు చుట్టే మెకానిక్‌లూ తిప్పితిప్పి అడిగేది ఇదే: మీటరు తప్పా, లెక్క తప్పా?

మీటరు నిజమే చెబుతోంది. మనం కూడిన తీరులోనే తప్పుంది.

సిరీస్‌లో ఉన్న భాగాలన్నింటి గుండా ఒకే కరెంటు పోతుంది. రెసిస్టరు మీద వోల్టేజి ఆ కరెంటుతో కలిసి లేస్తుంది, కలిసి పడుతుంది. కాయిల్ మీద వోల్టేజి కరెంటు కన్నా 90 డిగ్రీలు, అంటే పావు చక్రం, ముందుంటుంది. కెపాసిటరు మీద వోల్టేజి 90 డిగ్రీలు వెనకుంటుంది. అంటే రెసిస్టరు వోల్టేజి శిఖరాన ఉన్న క్షణంలో మిగతా రెండూ సున్నా దగ్గర ఉంటాయి. మీటరు దేని విలువ దానికి చూపుతుందే తప్ప ఏది ముందు, ఏది వెనక అన్నది చెప్పదు. కావలి నుంచి తూర్పుకు 3 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఉత్తరానికి 4 కిలోమీటర్లు నడిచినవాడు బయలుదేరిన చోటికి 5 కిలోమీటర్ల దూరంలో ఉంటాడు కానీ 7 కిలోమీటర్ల దూరంలో కాదు. ఈ వోల్టేజీలను కూడవలసిందీ అలాగే.

1. సమకూర్చుకోవలసినవి

కాగితం మీద లెక్క చేసి ఊరుకునేవారికి ఈ భాగం అక్కర్లేదు. కానీ ఒక్కసారి మీటరు పెట్టి చూసినవారికి ఈ పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు. ఖర్చు కూడా తక్కువే.

- 12-0-12 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్, 500 మిల్లీ ఆంపియర్లది
- సీలింగ్ ఫ్యాన్ కెపాసిటరు, 2.5 మైక్రోఫారడ్‌ది
- 1000 ఓముల రెసిస్టరు, అర వాటుది
- 330 ఓముల రెసిస్టరు, ఒక వాటుది
- ట్యూబులైటు రాగి చోకు (ఎలక్ట్రానిక్ చోకు దీనికి పనికిరాదు)
- డిజిటల్ మల్టీమీటరు, క్లిప్పులున్న వైర్లు, సైంటిఫిక్ కాలిక్యులేటరు

నెల్లూరైనా ఒంగోలైనా ట్రంకు రోడ్డు చుట్టుపక్కల దుకాణాల్లో చోకు తప్ప మిగతావన్నీ సులువుగా దొరుకుతాయి. చోకు కోసం ఎల్‌ఈడీలు వచ్చాక అటకెక్కించిన పాత ట్యూబులైటు పట్టీలు వెతకండి.

కెపాసిటరు విషయంలో ఒక హెచ్చరిక. ప్లస్, మైనస్ గుర్తులున్న ఎలక్ట్రోలిటిక్ రకాన్ని ఏసీకి తగిలించకూడదు. అది వేడెక్కి పగులుతుంది. ఫ్యాన్ కెపాసిటరు ఏసీ కోసమే చేసినది కాబట్టి నిశ్చింతగా వాడవచ్చు.

ఇంకా ముఖ్యమైనది: ఈ ప్రయోగాన్ని 230 వోల్టుల మీద నేరుగా చేయకండి. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (230 వోల్టుల వైపు) వైర్ల అతుకులకు టేపు చుట్టి, వీలైతే చిన్న పెట్టెలో మూసేయండి. మీ చేతులు తిరగాల్సింది సెకండరీ (తక్కువ వోల్టేజి) వైపు మాత్రమే.

2. అంకెలను ఒక దారికి తేవడం

పరీక్షలో పోయే మార్కుల్లో చాలా భాగం సూత్రం తెలియక పోయేవి కావు, ఈ దశను దాటేయడం వల్ల పోయేవి.

ముందు, ఇచ్చిన వోల్టేజి గరిష్ఠ విలువా, ఆర్‌ఎంఎస్ విలువా (మీటరు చూపేది) చూడండి. ఇంట్లో 230 వోల్టులు అన్నది ఆర్‌ఎంఎస్. దాని గరిష్ఠ విలువ సుమారు 325. ప్రశ్నలో "325 సైన్ 314 టి" అని ఉంటే 325 గరిష్ఠ విలువ, 314 కోణీయ పౌనఃపున్యం, అంటే పౌనఃపున్యానికి (సెకనుకు వచ్చే చక్రాలకు) 6.283 రెట్లు. 325ను 1.414తో భాగిస్తే 230 వస్తుంది. 314ను 6.283తో భాగిస్తే 50 హెర్ట్జ్ వస్తుంది. మొదలుపెట్టిన పద్ధతిలోనే చివరిదాకా సాగాలి. సగం లెక్క గరిష్ఠ విలువలతో, సగం ఆర్‌ఎంఎస్‌తో చేస్తే జవాబు రెండింటికీ చెడుతుంది.

తర్వాత ప్రమాణాలు. మైక్రోఫారడ్‌ను ఫారడ్‌లోకి, మిల్లీహెన్రీని హెన్రీలోకి, కిలో ఓములను ఓముల్లోకి మార్చి రాసుకోండి. తలలో మార్చవద్దు, కాగితం మీద మార్చండి.

పౌనఃపున్యం గురించి దిగులు వద్దు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల్లో ఏరేటర్లన్నీ ఒక్కసారి తిరిగే వేళ లైను చివరనున్న ఇళ్లలో వోల్టేజి తగ్గవచ్చు. పౌనఃపున్యం మాత్రం అక్కడా మార్కాపురంలోనూ ఒకటే, ఎందుకంటే గ్రిడ్ ఒకటే. లెక్కకు 50 హెర్ట్జ్ వేసుకుంటే చాలు.

3. రియాక్టెన్స్ (ఏసీకి కాయిల్, కెపాసిటరు చూపే అడ్డు)

కాయిల్‌కు: 2 × 3.1416 × పౌనఃపున్యం × హెన్రీలు.

కెపాసిటరుకు: 1 ÷ (2 × 3.1416 × పౌనఃపున్యం × ఫారడ్‌లు).

మన దేశంలో ఎప్పుడూ 50 హెర్ట్జే కాబట్టి రెండు అడ్డదారులు గుర్తుంచుకోండి. కాయిల్ రియాక్టెన్స్ = 314.16 × హెన్రీలు. కెపాసిటరు రియాక్టెన్స్ = 3183 ÷ మైక్రోఫారడ్‌లు. రెండూ ఓముల్లోనే వస్తాయి.

మన ఫ్యాన్ కెపాసిటరుకు 3183 ÷ 2.5 = 1273 ఓములు.

4. ఇంపిడెన్స్ (సర్క్యూట్ మొత్తం చూపే అడ్డు), వెంటనే కరెంటు

1000 ఓముల రెసిస్టరును, ఈ కెపాసిటరును సిరీస్‌లో కలిపి 12 వోల్టులు ఇచ్చామనుకోండి.

ఇంపిడెన్స్ = √(1000² + 1273²) = 1619 ఓములు.

కరెంటు = 12 ÷ 1619 = 0.00741 ఆంపియర్, అంటే 7.41 మిల్లీ ఆంపియర్లు.

1000, 1273 నేరుగా కూడి 2273 అని రాసేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఓములను కూడటంలోనూ లంబకోణ త్రిభుజమే వాడాలి. ఇక్కడ జారితే కింద చేసినదంతా వృథా.

కరెంటు తేలకుండా వోల్టేజీల జోలికి పోవద్దు. సిరీస్ సర్క్యూట్‌లో అన్ని భాగాలకూ ఉమ్మడిగా ఉన్నది అదొక్కటే. కోణాలన్నీ కొలిచేది కూడా దాని నుంచే.

5. ఒక్కో భాగం మీద వోల్టేజి

కరెంటును ఆ భాగం ఓములతో గుణించడమే.

రెసిస్టరు మీద: 0.00741 × 1000 = 7.41 వోల్టులు.

కెపాసిటరు మీద: 0.00741 × 1273 = 9.43 వోల్టులు. కరెంటు అంకెను కుదించకుండా కాలిక్యులేటరులో ఉంచితే 9.44 వస్తుంది. మధ్యలో కుదించకండి, చివర్లో కుదించండి.

6. సరిచూడటం

√(7.41² + 9.44²) = 12.0. ఇచ్చిన సరఫరా తిరిగి వచ్చింది. రాకపోతే జవాబు కింద గీత గీయకండి, వెనక్కి వెళ్లండి.

మామూలు కూడికలో వచ్చేది 16.85. ఈ మొత్తం సర్క్యూట్‌లో ఏ రెండు బిందువుల మధ్యా ఉండదు.

కోణం కూడా అడిగితే: 1273ను 1000తో భాగించి దాని టాన్ విలోమం తీస్తే 51.9 డిగ్రీలు. కెపాసిటరు ఉన్న సర్క్యూట్ కాబట్టి కరెంటు సరఫరా వోల్టేజి కన్నా అంత ముందుంటుంది. కాలిక్యులేటరు రేడియన్లలో ఉందా, డిగ్రీల్లో ఉందా చూసుకోండి. 0.905 అని వచ్చిందంటే రేడియన్లలో ఉన్నట్టు.

7. ఇప్పుడు మీటరు

ఈ వరుస మార్చవద్దు.

- ట్రాన్స్‌ఫార్మర్ ప్లగ్గు తీసి ఉంచి, మధ్య వైరుకూ ఒక చివరి వైరుకూ మధ్య రెసిస్టరును, కెపాసిటరును సిరీస్‌లో కలపండి
- మీటరును ఏసీ వోల్టుల రేంజిలో పెట్టండి
- ప్లగ్గు పెట్టి, ముందు సరఫరా కొలవండి
- తర్వాత రెసిస్టరు మీద, కెపాసిటరు మీద కొలవండి
- చివర మళ్లీ సరఫరా కొలవండి
- ప్లగ్గు తీశాక కెపాసిటరు కొనలను రెసిస్టరుతో కలిపి డిశ్చార్జ్ చేయండి

సరఫరాను రెండుసార్లు కొలవమన్నది చాదస్తం కాదు. 12 అని రాసి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ తక్కువ లోడు మీద 13, 14 కూడా ఇస్తుంది. పైగా మీరు కొలుస్తుండగానే లైను వోల్టేజి మారవచ్చు. మీ మీటరు సరఫరాను 13.2 అని చూపితే లెక్క 13.2తో మళ్లీ చేయండి: రెసిస్టరు మీద 8.15, కెపాసిటరు మీద 10.38 రావాలి. పెట్టె మీద అచ్చయిన 12తో పోల్చి, మీటరు పాడైందని తిట్టుకోవడం దండగ.

చౌక మీటర్లలో ఏసీకి చాలావరకు 200, 750 అని రెండే రేంజీలు ఉంటాయి. 200 రేంజిలో 7, 8 వోల్టుల వంటి చిన్న విలువలు అంత నమ్మకంగా రావు, సగం వోల్టు అటూ ఇటూ పోవచ్చు. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ రెండు చివరి వైర్ల మధ్య దొరికే 24 వోల్టులు వాడండి. అన్ని విలువలూ రెట్టింపవుతాయి, పొరపాటు వాటా తగ్గుతుంది. రెసిస్టర్ల వాట్లు కాస్త ఎక్కువ చెప్పింది ఇందుకే.

8. కాయిల్ దగ్గర వచ్చే చిక్కు

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా వెళ్దాం.

పుస్తకంలోని కాయిల్‌కు ప్రేరకత్వం (హెన్రీల్లో కొలిచే గుణం) తప్ప మరేమీ ఉండదు. చేతిలోని చోకు మాత్రం ఇనుప రేకుల మీద చుట్టిన పొడుగాటి రాగి తీగ. తీగకు దాని నిరోధం ఉంటుంది. కాబట్టి చోకు మీద మీటరు చూపే వోల్టేజి కరెంటుకు సరిగ్గా 90 డిగ్రీలు ముందుండదు, కొంచెం తక్కువ ఉంటుంది.

ఒక ఉదాహరణ. సరఫరా 12 వోల్టులు. 330 ఓముల రెసిస్టరుతో సిరీస్‌లో ఒక కాయిల్ ఉంది. మీటరు రెసిస్టరు మీద 8.16, కాయిల్ మీద 7.83 చూపింది. అలవాటు ప్రకారం సరిచూస్తే √(8.16² + 7.83²) = 11.31. పన్నెండు రాలేదు. చాలామంది దీన్ని "ప్రయోగ దోషం" అని రికార్డులో రాసి దులిపేసుకుంటారు. ఆ తేడాలోనే కాయిల్ నిరోధం దాగి ఉంది. దాన్ని బయటికి తీసే దారి ఇది:

మొదట, సరఫరా వర్గం నుంచి మిగతా రెండు వర్గాలనూ తీసేయండి: 144 − 66.6 − 61.3 = 16.1.

దాన్ని 2తో భాగించండి: 8.05.

దాన్ని రెసిస్టరు వోల్టేజితో భాగించండి: 8.05 ÷ 8.16 = 0.99 వోల్టు. కాయిల్ వోల్టేజిలో తీగ నిరోధం వాటా ఇది.

మిగిలిన ప్రేరక వాటా: √(7.83² − 0.99²) = 7.77 వోల్టులు.

కరెంటు 8.16 ÷ 330 = 24.7 మిల్లీ ఆంపియర్లు. కాబట్టి కాయిల్ నిరోధం 0.99 ÷ 0.0247 = 40 ఓములు. రియాక్టెన్స్ 7.77 ÷ 0.0247 = 314 ఓములు, అంటే ఒక హెన్రీ.

ఇప్పుడు సరిచూడండి. నిరోధం వైపు 8.16 + 0.99 = 9.15. ప్రేరకం వైపు 7.77. √(9.15² + 7.77²) = 12.0.

మూడు వోల్టేజి రీడింగులు, ఒక తెలిసిన రెసిస్టరు. ఇంతతో మూసి ఉన్న కాయిల్ లోపలి విలువలు రెండూ తేలాయి. పై ఉదాహరణలోని అంకెలు మీ చోకుకు అచ్చంగా రావు, రావాలని చూడకండి. చోకు నిరోధాన్ని మీటరు ఓముల రేంజిలో విడిగా కొలిచి ఈ పద్ధతిలో వచ్చినదానితో పోల్చండి. లెక్కలో కాస్త ఎక్కువ వస్తే కంగారు వద్దు. ఇనుప రేకుల్లో పోయే శక్తి కూడా నిరోధంలాగే కనబడుతుంది.

9. మూడూ కలిసి ఉన్నప్పుడు

కాయిల్ వోల్టేజి ముందుకు, కెపాసిటరు వోల్టేజి వెనక్కు. రెండింటి మధ్య 180 డిగ్రీలు, అంటే పూర్తిగా ఎదురెదురు. కాబట్టి ముందు వాటిని ఒకదాని నుంచి ఒకటి తీసేసి, మిగిలినదాన్ని రెసిస్టరుతో త్రిభుజంలో పెట్టాలి.

సరఫరా 100 వోల్టులు, నిరోధం 30 ఓములు, కాయిల్ రియాక్టెన్స్ 120, కెపాసిటరుది 80 అనుకోండి. తేడా 40. ఇంపిడెన్స్ √(30² + 40²) = 50. కరెంటు 2 ఆంపియర్లు.

రెసిస్టరు మీద 60 వోల్టులు. కాయిల్ మీద 240. కెపాసిటరు మీద 160.

ఇచ్చింది 100 అయితే కాయిల్ మీద 240 ఎలా వచ్చాయని కొట్టేయకండి. 240 నుంచి 160 తీస్తే 80. √(60² + 80²) = 100. లెక్క సరిపోయింది. కెపాసిటరు రియాక్టెన్స్ కూడా 120 అయితే రెండూ పూర్తిగా రద్దయి, సరఫరా మొత్తం రెసిస్టరు మీద పడుతుంది. కరెంటు 3.33 ఆంపియర్లకు పెరిగి, కాయిల్ మీద 400, కెపాసిటరు మీద 400 వోల్టులు నిలుస్తాయి. కాగితం మీద ఇది ముచ్చటగా ఉంటుంది, చెయ్యి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. మూడు భాగాల సర్క్యూట్‌ను తక్కువ సరఫరా మీదైనా తేలిగ్గా తీసుకోవద్దనేది అందుకే.

కనిగిరి, పొదిలి వైపు బోర్లకు పెట్టే సింగిల్ ఫేజ్ మోటారు పెట్టె తెరిచి చూడండి. సరఫరా 230 అయినా రన్ కెపాసిటరు (మోటారు తిరుగుతున్నంతసేపూ సర్క్యూట్‌లో ఉండేది) మీద 440 వోల్టులు అని రాసి ఉంటుంది. కెపాసిటరు అక్కడ ఒక వైండింగ్‌తో సిరీస్‌లో ఉంటుంది, దాని మీద వోల్టేజి సరఫరాను మించుతుంది. "230కి 250 చాలదా" అని తక్కువ రకం వేస్తే అది ఉబ్బిపోతుంది.

10. లెక్క కలవకపోతే

మీటరు అంతటా సున్నా చూపుతోంది: డీసీ రేంజిలో ఉంది, లేదా సర్క్యూట్ ఎక్కడో తెగింది. తెగిన చోట సరఫరా మొత్తం కనబడుతుంది, మిగతా చోట్ల సున్నా.

వర్గాల మొత్తానికి మూలం తీస్తే సరఫరా కన్నా తక్కువ వస్తోంది: కాయిల్‌కు సొంత నిరోధం ఉంది. 8వ భాగం చూడండి.

జవాబు వెయ్యి రెట్లు, పది లక్షల రెట్లు తేడా: మిల్లీ, మైక్రో మార్చలేదు.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద చేసినప్పుడు ఏదీ కలవడం లేదు: చౌక రకం ఇన్వర్టర్లు చాలావరకు సైన్ తరంగం ఇవ్వవు, చతురస్ర తరంగం ఇస్తాయి. ఈ సూత్రాలన్నీ సైన్ తరంగానివే, మామూలు మీటరు కూడా దానికే లెక్క కట్టి ఉంటుంది. కరెంటు వచ్చాక చేయండి.

ఆసిలోస్కోపు (తరంగాన్ని తెర మీద చూపే పరికరం) రెండో ప్రోబు పెట్టగానే ఒక భాగం వోల్టేజి మాయమైంది: రెండు ప్రోబుల గ్రౌండు క్లిప్పులూ లోపల ఒకటే. వాటిని వేర్వేరు బిందువులకు పెడితే మధ్యలోని భాగం షార్టవుతుంది. రెండు క్లిప్పులనూ ఒకే బిందువుకు పెట్టండి.

రెండు భాగాలు పారలల్‌లో ఉన్నాయి: వాటి రెండింటి మీదా వోల్టేజి ఒకటే. ఆ జంటకు ముందు ఒకే ఇంపిడెన్స్ కట్టి, తర్వాత సిరీస్ లెక్కలోకి తీసుకురావాలి.

11. ఇదే లెక్క తిరగేస్తే ఫ్యాన్ కెపాసిటరు పరీక్ష

ఫ్యాను నెమ్మదించింది, కెపాసిటరు మీద అనుమానం, కెపాసిటెన్స్ కొలిచే మీటరు లేదు. దాన్ని విప్పి, డిశ్చార్జ్ చేసి, 1000 ఓముల రెసిస్టరుతో సిరీస్‌లో 12 వోల్టులకు పెట్టండి.

రెసిస్టరు మీద 6.2, కెపాసిటరు మీద 10.27 వచ్చాయనుకుందాం. వర్గాలు కూడి మూలం తీస్తే 12, కాబట్టి రీడింగులు నమ్మదగినవే. కరెంటు 6.2 మిల్లీ ఆంపియర్లు. రియాక్టెన్స్ 10.27 ÷ 0.0062 = 1656 ఓములు. 3183 ÷ 1656 = 1.92 మైక్రోఫారడ్‌లు.

ఒంటి మీద 2.5 అని రాసి ఉన్నది 1.92కు దిగిందంటే దాని పని అయిపోయింది. ఈ కెపాసిటర్లకు మామూలుగా ఇచ్చే సడలింపు 5 శాతం, అంటే 2.37 దాకా తగ్గితే ఫర్వాలేదు. అంతకన్నా బాగా దిగితే అదే విలువ, అదే 440 వోల్టుల రకం కొత్తది వేయండి. ఫ్యాను వేగం పెరుగుతుందని 3.5 వేయకండి, వైండింగ్ వేడెక్కుతుంది.